నిండు దెబ్బ

మా ఊళ్లో ఎద్దును ఎవరూ చంపరు. ఎద్దు చచ్చిపోతుంది, అంతే. కాలు విరిగినా, పాము కరిచినా, లేవలేని రోగం వచ్చినా రైతు చేసే పని ఒక్కటే. దాని మెడలోంచి పలుపు విప్పి, మాదిగవాడకు పోయి, అక్కడి పెద్దమనిషి ముందు ఆ తాడు పడేసి, వెనక్కి తిరిగి చూడకుండా ఇంటికి రావాలి. పలుపు చెయ్యి మారిందంటే ఎద్దు ఇక మనది కాదు. ఆ తర్వాత ఎవరు ఏం చేశారో, ఎట్లా చేశారో అడగకూడదు. పొద్దు గూకేలోపు "పానం పోయిందంట" అని కబురొస్తుంది. మనం తలస్నానం చేసి దీపం పెట్టుకుంటాం. పాపం ఎటు పోయిందో తెలుసుకోవాలని మా తాతలకు గానీ ముత్తాతలకు గానీ ఎన్నడూ తోచలేదు. ఇరవై మూడేళ్లు వచ్చేదాకా నాకూ తోచలేదు.

పోలీసు చర్య జరిగిన ఏడు, దీపావళి వెళ్లిన వారం సంగతి ఇది. మా ఊరు దేవరకొండ నుంచి నల్లగొండ పోయే బాటకు రెండు కోసులు లోపలికి ఉంటుంది. అప్పటికి రజాకార్లు పోయారు, మిలిటరీ వచ్చింది. పారిపోయిన దొర గడీలోనే వాళ్లు క్యాంపు పెట్టారు. వచ్చిన రోజు ఊరంతా ఎదురుపోయి హారతులిచ్చింది, అందులో నా పళ్లెం కూడా ఉంది. వారం తిరక్కుండానే దొరలకు ఎదురు నిలిచిన సంఘంలో తిరిగినవాళ్లు ఎవరెవరని అడగడం మొదలుపెట్టారు. మా ఇంటాయనను పొలం గట్టు మీదనే పట్టుకుని నల్లగొండ జైలుకు తీసుకుపోయారు. ఆ హారతి పళ్లెం చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మా నాయినను నేను బాపు అంటాను. ఆయనకు నేనొక్కదాన్నే బిడ్డను, అందుకే మా ఇంటాయన ఇల్లరికం వచ్చాడు. ఆయన జైలుకు పోయాక ఇంట్లో మిగిలింది ముగ్గురం. మోకాళ్లు పట్టేసిన బాపు, మొగుడు పోయి పుట్టింటికొచ్చిన మేనత్త, నేను. రెండెకరాల మిరప తోట నీళ్లకు ఎదురుచూస్తోంది. మోట నేనే తోలాను. ఆడది మోట తోలడమేమిటని నవ్వినవాళ్లున్నారు. అట్లయితే మీరే వచ్చి తోలండన్నాను. ఒక్కడూ రాలేదు.

మోట చూడనివాళ్ల కోసం చెప్పాలి. బావి గట్టు నుంచి ఏటవాలుగా ఒక దారి దిగుతుంది. రెండెద్దులు ఆ దారిన కిందికి నడుస్తుంటే మోకు లాగినకొద్దీ తోలు బొక్కెన నీళ్లతో పైకి వస్తుంది. తోలేవాళ్లు మోకు మీద కూర్చుని తమ బరువు కూడా దానికి కలుపుతారు. నీళ్లు కాలువలో పడ్డాక ఎద్దులు వెనక్కి తిరగవు. మొహం అటే పెట్టి, వెనకడుగు వేసుకుంటూ, ఏటవాలు ఎక్కి బావి ఒడ్డు దాకా వస్తాయి. వాటికి వెనక ఏముందో కనపడదు. వెనక కాళ్లకు తగిలి ఆగేటట్టు ఒడ్డున అడ్డంగా ఒక లావు మొద్దు పడేసి ఉంచుతారు. ఎద్దు నమ్మకమంతా ఆ మొద్దు మీదే.

మా మొద్దు అక్కడ లేదు. ఆ ఎండాకాలం రజాకార్ల లారీలు రాకుండా ఊరి బాటకు అడ్డం వేయడానికి దాన్ని ఎత్తుకుపోయారు. మోసినవాళ్లలో నేనూ ఉన్నాను. దాని బదులు ఒక రాయి దొర్లించి పెట్టాను. తీసుకొచ్చి వేయాలి, వేయాలి అనుకుంటూనే నెలలు గడిచాయి. రాయి చాలులే అనుకున్నాను. ఈ మాట నేను అప్పుడు ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు రాస్తున్నాను.

ఆ పొద్దున పదో బొక్కెనో పన్నెండో బొక్కెనో పోసి ఎద్దులు వెనక్కి వస్తున్నాయి. గడీ వెనక గుట్ట దగ్గర మిలిటరీవాళ్లు తుపాకులు కాల్చి చూసుకుంటున్నారు. నాలుగైదు ఒక్కసారే పేలాయి. ఎడమ పక్కన కట్టే దాపటెద్దు బెదిరి గబగబా వెనక్కి పడింది. రాయి దొర్లింది. వెనక కాళ్లు గాలిలోకి పోయాయి. కాడి పలుపు తెగబట్టి కుడి పక్కన ఉన్న వలపటెద్దు బయటపడింది. దాపటెద్దు మాత్రం బావి సగంలో ఉన్న బండ మీద పడి, అక్కడి నుంచి నీళ్లలోకి జారింది. ఆ బండ మీద పడ్డ చప్పుడు నేను వర్ణించను.

ఊరు ఊరంతా పరుగెత్తుకొచ్చింది. ఇరవై మంది మోకులు కట్టి, మంచం కట్టి, పొద్దు వాలేసరికి పైకి తీసి, బావి పక్కనే ఉన్న మా కొట్టంలోకి చేర్చారు. బావిలోకి దిగి ఎద్దు కడుపు కింద తాళ్లు వేసింది మాదిగవాడ పెద్దాయన. అరవై ఏళ్లుంటాయి. చిన్నప్పుడు మేమందరం ఆయన్ను పేరు పెట్టి "ఒరేయ్" అనేవాళ్లం. సంఘం వచ్చాక ఆ పిలుపు తప్పని తెలుసుకుని పెద్దయ్యా అంటున్నాను. ఆయన మాత్రం అలవాటు కొద్దీ నన్ను పటేలమ్మా అనే పిలుస్తున్నాడు.

పైకి తీశాక ఆయన ఎద్దు వీపు మీద వేళ్లతో తడుముకుంటూ పోయి, తుంటి దగ్గర ఆగాడు. వెనక కాలి గిట్ట సందులో ముల్లుతో గుచ్చాడు. ఎద్దు కదల్లేదు.

"నడుమిరిగింది. ఎనక సగం ఎప్పుడో సచ్చిపోయింది. నొప్పంత ముందు సగంలనే ఉన్నది," అన్నాడు.

ముందు కాలు ఒకటి మోకాలి కింద విరిగి ఎముక బయటికొచ్చింది. ఎద్దు తల ఎత్తి లేవబోయేది. ముందు సగం లేచేది, వెనక సగం లేచేది కాదు. పడిపోయి ఒక రకంగా మూలిగేది. మళ్లీ లేవబోయేది. లేవొద్దని దానికి ఎవరు చెప్తారు?

బాపు కర్ర పట్టుకుని వచ్చి దాని మూతి దగ్గర కూలబడ్డాడు. ఆ ఎద్దు మా కొట్టంలోనే, బాపు చేతుల మీదే పుట్టింది. తల్లి పాలు తక్కువైతే ఆయనే వేలు చీకించి గంజి తాగించాడు.

"వాతలు పెడదం. వాతలు పెడితే నరం లేస్తది," అన్నాడు.

"బాపూ, ఇరిగిన ఎముకకు వాతలేంది? ఇంక కాల్చుడెందుకు దాన్ని?" అన్నాను.

"నీకేం తెల్సు?"

"గంత మాత్రం తెల్సు."

వాతలు పెట్టనివ్వలేదు. ఇనుప కడ్డీ పొయ్యిలో పెడితే తీసి కుడితి గోలెంలో పడేశాను. నేను గొడవపడి గెలిచింది అదొక్కటే, అదీ ఎద్దుకు పెద్దగా పనికొచ్చింది కాదు. పశువుల డాక్టరు కోసం కబురు పంపుదామంటే ఎండాకాలం నుంచి ఆ దవాఖాన తలుపు తెరవలేదని తెలిసింది.

మర్నాడు మధ్యాహ్నానికి పుండు వాసన మొదలైంది. ఈగలు ముసిరాయి. గడ్డి పెడితే పెదవులు కదిలించింది గానీ నమల్లేకపోయింది. బాపు చాలాసేపు చూసి, తన చేతులతోనే దాని మెడలోంచి పలుపు విప్పాడు. నా చేతికిచ్చి మొహం తిప్పుకున్నాడు.

"పోయి ఇచ్చి రా," అన్నాడు.

నేను తీసుకుని పోయాను. అక్కడే నా తప్పు. ఏమీ ఆలోచించలేదు. మా నాయనమ్మ, మా అమ్మ తాడు తీసుకుని పోయినట్టే పోయాను. పెద్దయ్య వాకిట్లో కూర్చుని చెప్పు కుడుతున్నాడు. ఆయన ముందు ఆ తాడు పడేసి వెనక్కి తిరిగాను.

"ఆగు పటేలమ్మా," అన్నాడు.

ఆగాను. ఆయన లేచి, తాడు తీసుకుని, దుమ్ము దులిపి, చుట్టగా చుట్టి నా చేతిలో పెట్టాడు.

"గిది నేను తీస్కోను."

"గట్లంటే ఎట్ల పెద్దయ్యా? నిన్న బాయిల దిగి తీసినవు గద. దాని బాధ నువ్వు జూడలేదా?"

"జూసిన. బాధ జూసే దిగిన. ఎత్తుడు నా ఇష్టం. గీ తాడు నా ఇష్టం గాదు. గిది వెట్టి."

"వెట్టేంది? ఎప్పటి నుంచో ఉన్నదే గద!"

ఆయన నవ్వాడు. వెక్కిరింపు నవ్వు కాదు, అదే నాకు ఎక్కువ మండింది.

"పోయిన ఏడు మీటింగుల వెట్టి బందని చేతులెత్తిన్రు. అండ్ల నీ చెయ్యి అందరికంటె ముందు లేసింది. పాట గుడ పాడినవు. మరి గిదేంది? సంపుడు మాకు, తానం చేసుడు మీకా? పాపం మీ ఇంట్ల ఉండొద్దు, మా ఇంట్ల ఉండొచ్చా?"

నాకు సిగ్గేసింది. కానీ సిగ్గు కంటే ముందు కోపం వచ్చింది, దాచను. అక్కడ ఎద్దు చచ్చిపోతుంటే ఈయన మీటింగు మాటలు తీస్తున్నాడే అనుకున్నాను. "సరే తియ్," అని తాడు పట్టుకుని విసవిసా వచ్చేశాను. ఊరి మధ్యకు వచ్చేసరికి కోపం కరిగిపోయి సిగ్గొక్కటే మిగిలింది. ఆయన చెప్పిన దాంట్లో ఒక్క మాట కూడా అబద్ధం కాదు.

ఇంటికొచ్చి బాపుకు జరిగింది చెప్పాను. ఇక మనవాళ్లలోనే ఎవరో ఒకరు చెయ్యాలన్నాను. బాపు కర్ర నేల మీద కొట్టాడు.

"మన ఇంట్లనా? నా చేతుల మీద పుట్టినదాన్ని నా ఇంటోళ్లు సంపుతరా? ఆళ్లు సెయ్యకుంటే దాని పానం అదే పోతది. మనోళ్లు ఎవరన్న చెయ్యి చేసుకుంటే, ఆ చేతి నీళ్లు నేను తాగ. సచ్చేదాక తాగ."

బాపు ఊరికే ఒట్లు పెట్టుకునే మనిషి కాదు. తమ్ముడితో ఒకసారి మాట పట్టింపు వచ్చి పదేళ్లు ఆ గడప తొక్కలేదు. ఆయనకు పొద్దున పళ్లు తోముకునే నీళ్ల నుంచి మాపటి అన్నం దాకా అన్నీ నా చేతి మీదుగానే జరుగుతాయి. ఆ మాట అన్నప్పుడు ఆయన నా మొహం వైపు చూడలేదు, చేతుల వైపు చూశాడు. నేను ఏమనుకుంటున్నానో ఆయనకు అప్పుడే తెలిసిపోయిందనుకుంటాను.

మేనత్త నన్ను పక్కకు పిలిచింది.

"పిల్లా, గన్నేరు వేరు నూరి కుడితిల కలిపిస్తే? ఎవ్వలు చంపినట్టు గాదు. అదే తాగింది, అదే పోయిందంటం."

"ఎంతసేపట్ల పోతది అత్తా?"

 పక్క ఊళ్లో ఒక మేక గన్నేరు ఆకు తిని ఒక పూటంతా కొట్టుకున్న సంగతి ఆమే మాకు ఎన్నోసార్లు చెప్పింది. మేకకే ఒక పూటయితే ఎద్దుకు ఎంతో! మా మీద మాట రాకుండా ఉండడానికి దాని పేగులు కాల్చాలన్నమాట. వద్దన్నాను.

తుపాకీ సంగతి కూడా ఆలోచించాను. ఒక్క గుండుతో అయిపోతుంది. కానీ ఊళ్లో ఉన్న నాటు తుపాకులన్నీ అయితే దళాలతో అడవికి పోయాయి, లేకపోతే క్యాంపులో అప్పజెప్పారు. ఎక్కడైనా ఒకటి దాగి ఉన్నా, అది పేలిన మరుక్షణం క్యాంపు లారీ ఊళ్లో ఉంటుంది. ఒక ఎద్దు కోసం ఎవరి కొడుకునో లారీ ఎక్కించే హక్కు నాకు లేదు. పోనీ క్యాంపుకే పోయి అడుగుదామా అనుకున్నాను. మా ఇంటాయనను జైలుకు పంపినవాళ్లను మా కొట్టంలోకి పిలవడానికి నా కాళ్లు కదల్లేదు. ఇది పౌరుషమే. ఎద్దుకు నా పౌరుషంతో ఏం పని?

మూడో రోజు పొద్దున కొట్టం దగ్గరికి పోయేసరికి ఒక కాకి ఎద్దు కాలి మీద కూర్చుని బయటికొచ్చిన ఎముక దగ్గర పొడుస్తోంది. ఎద్దు తల ఎత్తి దాన్ని తోలబోతోంది, కొమ్ములు అంత దూరం అందడం లేదు. కాకి కొంచెం ఎగిరి మళ్లీ అక్కడే వాలుతోంది. నేను మట్టిగడ్డ విసిరి కాకిని కొట్టాను. అది పోయి గోడ మీద కూర్చుని నావైపు చూసింది. నేను పోయే వరకు ఆగుతుంది, అంతే.

ఇంక చాలనుకున్నాను. ఏడుపు రాలేదు. నా తప్పుకు మూడు రోజులుగా అది చస్తోంది, నేను ఎవరి చెయ్యి దొరుకుతుందా అని ఊరంతా వెతుకుతున్నాను. నాకు రెండు చేతులున్నాయి.

ఈసారి తాడు లేకుండా మాదిగవాడకు పోయాను.

"పెద్దయ్యా, నేనే చేస్త. బాధ లేకుంట ఎట్ల సెయ్యాల్నో నాకు తెల్వది. జర చెప్పు," అన్నాను.

ఆయన చేతిలోని చెప్పులు కుట్టే ఆరె కింద పెట్టాడు. 

"మీ బాపు?"

"నా చేతి నీళ్లు తాగనన్నడు."

"తాగకపోతే?"

"తాగకపోతే తాగడు. ఎద్దు ఆయన ఒట్టు కోసం ఆగదు గద."

"అయితే నడువు బిడ్డా," అన్నాడు. పటేలమ్మా అనలేదు.

కొట్టంలో మేం బావి తవ్వినప్పటి సమ్మెట ఉంది. ఆయన దాన్ని ఎత్తి బరువు చూసుకున్నాడు, పనికొస్తుందన్నాడు. ముందు ఎద్దు దగ్గరికి పోలేదు. ఒక పచ్చి తుమ్మ మొద్దును తెచ్చి, ఎద్దు తల ఉండే ఎత్తులో నిలబెట్టి, దాని మీద సున్నంతో రేగిపండంత బొట్టు పెట్టాడు.

"కొట్టు."

కొట్టాను. బొట్టుకు జానెడు దూరంలో పడింది.

"మల్ల."

పది సార్లు కాదు, ముప్పై సార్లు కొట్టించాడు. చేతులతో కాదు నడుముతో కొట్టమన్నాడు, కాళ్లు ఎడంగా పెట్టమన్నాడు, సమ్మెటను పడనివ్వాలి గానీ తొయ్యకూడదన్నాడు. నా అరచేతులు బొబ్బలెక్కాయి. మోట తోలిన చేతులే కాబట్టి ఆ మాత్రం ఆగాయి. చివరి అయిదు దెబ్బలూ బొట్టు మీదే పడ్డాయి.

"ఇనుకో. సగం దెబ్బ కొడితేనే పాపం. భయపడి చెయ్యి ఎనక్కి గుంజితే దానికి నొప్పి తప్ప ఇంకేం ఉండది. నిండు దెబ్బ కొట్టినవనుకో, దానికి చప్పుడు గుడ ఇనపడది. తెలివి పోయినంక కత్తి పని నాది. అది నాకు తెలిసిన పని, నేను చేస్త. కొట్టుడు మాత్రం నీది."

"సరే."

"ఇంకోటి. అయినంక దాన్ని మా బండి మీదనే తీస్కపోత. వెట్టికి గాదు, నువ్వు అడిగినవు గనుక. ఎప్పట్లెక్క దొడ్డితొవ్వన గాదు, నడి బజార్ల నుంచి తీస్కపోత. నువ్వు ఎంబడి నడవాలె."

అదీ సరేనన్నాను. నేను ఎక్కడ వెనక్కి తగ్గుతానో అని ఆయన చూస్తున్నాడని తెలుసు. నాకు తగ్గాలని లేదు.

ఎద్దు దగ్గరికి పోయి ఆయన తన తలగుడ్డ తడిపి దాని కళ్లకు కట్టాడు. కళ్లు మూయగానే అది లేవబోవడం మానేసింది. ఆయన బొగ్గు ముక్క తీసుకుని ఒక కంటి నుంచి అవతలి కొమ్ము మొదటికి ఒక గీత, రెండో కంటి నుంచి ఇవతలి కొమ్ము మొదటికి ఇంకో గీత గీశాడు. రెండు గీతలు కలిసినచోట వేలు పెట్టాడు. ఎన్నో ఎద్దుల పుర్రెలు చేతులతో పట్టి చూశాడట, ఎముక అక్కడే పలుచన అని చెప్పాడు. తల కదలకుండా గుంజకు తాడేసి పట్టుకున్నాడు. నేను ఎద్దు మెడ మీద చెయ్యి వేశాను. నా వాసన దానికి తెలుసు. చెవి ఒకటి నా వైపు తిప్పింది. మొద్దు తెచ్చి వేయలేకపోయాను, క్షమించమని అడిగాను. పెద్దయ్య విన్నాడో లేదో తెలియదు.

సమ్మెట ఎత్తాను. గీతలు కలిసినచోటే చూస్తున్నాను. దింపే క్షణంలో ఆ చెవి మళ్లీ కదిలింది.

నేను కళ్లు మూసుకున్నాను. చెయ్యి వెనక్కి పోయింది.

దెబ్బ కొంచెం పక్కకు పడింది, బలం లేకుండా పడింది. ఎద్దు అరిచింది. బావిలో పడ్డప్పుడు కూడా అట్లా అరవలేదు. తల విదిలించింది. పెద్దయ్య రెండు కాళ్లూ నేలకు తన్నిపెట్టి తాడు బిగించాడు.

"కండ్లు తెరువు!" అని అరిచాడు. "తెరిసి కొట్టు! ఇడిసిపెట్టి పోయినవంటే నిన్ను నేను మనిషి లెక్క జూడ!"

కళ్లు తెరిచాను. మిగతా ఏదీ చూడలేదు, ఏదీ వినలేదు. సమ్మెటను పైకి తీసుకుపోయి పడనిచ్చాను.

ఆ దెబ్బ నిండుగా పడింది. ఎద్దు ముందు కాళ్లు ఒక్కసారే వదులయ్యాయి, తల నేలకు ఆనింది. పెద్దయ్య వంగి కంటి గుడ్డ తప్పించి, వేలితో కనుగుడ్డు తాకి చూశాడు. రెప్ప కదల్లేదు. ఆ తర్వాత ఆయన కత్తి పని చాలా తొందరగా, శుభ్రంగా చేశాడు. మూడు రోజుల మూలుగు ఆగిపోయింది. నేను గోడకు ఆనుకుని కూర్చున్నాను. ఆయన చెంబుతో నీళ్లిచ్చాడు. మొదటి దెబ్బ సంగతి ఆయన ఎత్తలేదు, నేను ఎత్తలేదు.

కొట్టం ఊరికి అవతల ఉంది. ఆయన మనుషులు నలుగురు వచ్చి ఎద్దును బండి మీద పెట్టారు. మాట ఇచ్చినట్టే బండి వెనక నడిచాను. సమ్మెట నా భుజం మీదే ఉంది, కడగలేదు. బజారులో జనం అరుగుల మీదికొచ్చి నిలబడ్డారు. ఒకామె నన్ను చూసి పిల్లల్ని లోపలికి లాక్కుంది. ఎవరో "థూ" అన్నారు. నేను తల దించలేదు. నిజం చెప్పాలంటే తల దించితే మళ్లీ ఎత్తలేనేమో అని భయం.

మా ఇంటి ముందు బండి ఆగింది. బాపు గడప దగ్గర కర్ర మీద ఆనుకుని నిలబడి ఉన్నాడు. నేను సమ్మెట కింద పెట్టి, లోపలికి పోయి మోచేతుల దాకా కడుక్కుని, చెంబు నిండా నీళ్లు తెచ్చి ఆయన ముందు పెట్టాను. దాచిపెట్టి తాగించే ఉద్దేశం నాకు లేదు. తాగితే తెలిసి తాగాలి, లేకపోతే లేదు.

బాపు చెంబు వైపు చూడలేదు. బండి మీద ఎద్దునే చూస్తున్నాడు.

"ఎవ్వలు కొట్టిండ్రు?"

"నేనే కొట్టిన బాపూ."

బజారంతా విన్నది. 

"ఎన్ని దెబ్బలు?"

ఆ ప్రశ్నకు నేను సిద్ధంగా లేను. తిట్టినా, కొట్టినా, ఇంట్లోంచి పొమ్మన్నా ఏం చెప్పాలో బండి వెనక నడుస్తూ అన్నీ అనుకున్నాను. ఇది అనుకోలేదు. ఆయన కళ్లు అప్పుడు నా మీదికొచ్చాయి. కోపం లేదు వాటిలో. నేను చిన్నప్పుడు చెట్టు మీద నుంచి పడితే, ఎక్కడ తగిలిందని అడిగేటప్పుడు చూసిన చూపు అది.

"ఒక్కటే," అన్నాను.

బాపు నమ్మలేదు. నా వెనక, బండి పక్కన నిలబడ్డ పెద్దయ్యను చూశాడు.

"నిజమేనా?"

నేను వెనక్కి తిరగలేదు. తిరగడానికి ధైర్యం చాల్లేదు. సగం దెబ్బ పాపమని చెప్పిన మనిషి ఆయన. నేను గాక ఎద్దు అరుపు విన్న మనిషి కూడా ఆయన ఒక్కడే.

"ఒక్కటే పటేలా," అన్నాడు పెద్దయ్య. "నిండు దెబ్బ. దానికి చప్పుడు గుడ ఇనపడలే."

బాపు వంగి చెంబు అందుకున్నాడు. సగం నీళ్లు ఛాతీ మీద పడ్డాయి, మిగతా సగం ఆగకుండా తాగాడు.

పెద్దయ్య బండి కదిలించాడు. మా పాపం మొయ్యనని తాడు తిరిగిచ్చిన మనిషి, నేను నోరు తెరిచి అడగకుండానే నా అబద్ధాన్ని నెత్తికెత్తుకున్నాడు. ఇచ్చిన మాట ప్రకారం నేను మళ్లీ బండి వెనక నడిచాను.